ఉన్నట్టుండి దెబ్బతినే కిడ్నీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: కిడ్నీ పోయిందంటే ఇక జీవితాంతం డయాలసిసే.

విశాఖలో కిడ్నీ జబ్బనగానే అందరికీ ఉద్దానమే గుర్తొస్తుంది. అది ఏళ్లతరబడి ముదిరే జబ్బు. ఉన్నట్టుండి కిడ్నీ దెబ్బతినే అక్యూట్ కిడ్నీ ఇంజ్యురీ మాత్రం గంటల్లో, రోజుల్లో వస్తుంది. విరేచనాలు, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం), పాముకాటు, వానాకాలంలో ఏజెన్సీ వైపు మలేరియా, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) దీనికి కారణాలు. వేళకు వైద్యం అందితే చాలామందికి డయాలసిస్ కొన్ని వారాలతో ఆగిపోతుంది.

అపోహ: క్రియాటినిన్ 1.2 కదా, నార్మలే.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం; రక్తపరీక్షలో మి.గ్రా./డె.లీ. లెక్కన చూస్తారు. 1.2 నార్మలంటే ఎవరికి? ఎప్పుడూ 0.6 ఉండే సన్నపాటి ఆడమనిషికి అది రెట్టింపు. 2012 నాటి కెడిగో (అంతర్జాతీయ కిడ్నీ వైద్య మార్గదర్శకాల సంస్థ) ప్రమాణాల్లో ఏకంగా ఈ జబ్బు రెండో దశ. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా జబ్బే. 60 కిలోల మనిషికి 6 గంటల్లో 180 మి.లీ. కన్నా తక్కువ మూత్రం వచ్చినా అంతే. పైగా దెబ్బతగిలిన రోజే క్రియాటినిన్ పెరగదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా తేలుతుంది. అందుకే పాత రిపోర్టులు పారేయకండి. వాటితో పోల్చకపోతే కొత్తది సగమే చెబుతుంది.

అపోహ: మరణాల శాతం తగ్గింది కాబట్టి ముప్పు తగ్గినట్టే.

అమెరికా ఆసుపత్రుల లెక్కల్లో ఈ జబ్బున్నవారిలో మరణాలు 1988లో 40.4 శాతం, 2002కి 20.3 శాతం. ఇందులో కొంత లెక్కల మహిమ ఉంది: తేలికపాటి కేసులనూ నమోదు చేయడం మొదలయ్యాక శాతం దానంతటదే దిగుతుంది. అయితే డయాలసిస్ దాకా వెళ్లినవారిలోనూ 41.3 నుంచి 28.1కి తగ్గింది, అది నిజమైన మెరుగుదలే. అయినా 2000-2009 మధ్య అలాంటివారి మరణాలు ఏడాదికి సుమారు 18 వేల నుంచి 39 వేలకు చేరాయి. రోగులే అంతగా పెరిగారు.

ఆ అమెరికా అంకెలు మనకు అతకవు, ఇక్కడి కారణాలు వేరు, అవీ మారుతూ వచ్చాయి. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన 1971 చట్టం తర్వాత మన దేశంలో నాటు గర్భస్రావాల వల్ల వచ్చే కేసులు బాగా తగ్గాయి. ఐసీయూలో సెప్సిస్‌తో ఉన్న పెద్దాయనకూ, ఏజెన్సీలోని పాడేరు నుంచి జ్వరంతో వచ్చిన కుర్రాడికీ ఒకే శాతం చెప్పడం కుదరదు.

అపోహ: మూత్రం రాకపోతే నీళ్లు, కొబ్బరి బొండాం దండిగా పట్టించాలి.

విరేచనాలతో ఒళ్లు ఎండిపోతే ఓఆర్ఎస్ సరైనదే. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసుకు చెంచాడు చొప్పున కాదు. కాళ్ల వాపు, ఆయాసం ఉంటే మాత్రం తాగిన నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. బొండాంలోని పొటాషియం బయటికి పోయే దారిలేక గుండె లయ తప్పిస్తుంది.

వాంతులు, విరేచనాల రోజుల్లో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రల జోలికి పోవద్దు. బీపీకి టెల్మిసార్టన్, దానితోపాటు నీరు దిగే మాత్ర వాడేవారైతే ఆ పూట వేసుకోవాలో ఆపాలో డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి.