ఫ్లెక్సీ మీద ఇల్లు, ఎక్కడిదో ఎండ

భీమవరంలోనో అమలాపురంలోనో ఇల్లు కట్టించుకునేవాళ్లు ఇప్పుడు శంకుస్థాపనకు ముందే దాన్ని చూసేస్తున్నారు. ఇంజనీరు గారు వాట్సాప్‌లో పంపే త్రీడీ ఎలివేషన్‌లో గాజు రెయిలింగు, పోర్టికోలో కారు, గోడ మీద సాయంత్రపు ఎండ అన్నీ ఉంటాయి. తీరా ఇల్లు లేచాక "బొమ్మలో ఇలా లేదే" అనే మాట పడుతుంది. కొందరు సాఫ్ట్‌వేర్‌ని తిడతారు, కొందరు మేస్త్రీని. ఈ బొమ్మలు ఎలా పుట్టాయో చూస్తే సాఫ్ట్‌వేర్‌ని తిట్టడం అన్యాయమనిపిస్తుంది. బొమ్మలో వెలుగు ఎక్కడ ఎంత పడాలో కంప్యూటర్ కట్టే లెక్క ఏనాడో కుదిరింది. ఆ లెక్కకు మనం ఇచ్చే వివరాల దగ్గరే తేడా వస్తోంది.

మొదట్లో ఆ లెక్కే పెద్ద సమస్య. 1968లో ఐబీఎంలో పనిచేసే ఆర్థర్ అపెల్, చూసే కంటి నుంచి వస్తువు వైపు కిరణాలు పంపి, ఎక్కడ నీడ పడుతుందో తేల్చే దారి చూపాడు. 1971లో యూటా విశ్వవిద్యాలయంలో హెన్రీ గురో పలకలు పలకలుగా కనిపించే ఉపరితలాన్ని నునుపు చేసే పద్ధతి కనిపెట్టాడు. ప్రయోగానికి భార్య ముఖం మీదే గీతలు గీసి ఫొటోలు తీసుకున్నాడట! ఆమె ఓపికకు కూడా చరిత్రలో చోటివ్వాలి. నున్నటి వస్తువు మీద మెరుపు ఎక్కడ పడాలో 1975లో బుయ్ తువాంగ్ ఫాంగ్ చెప్పాడు. 1980లో బెల్ ల్యాబ్స్‌లో టర్నర్ విట్టెడ్ అద్దాన్నీ గాజునూ కూడా కిరణాల లెక్కలోకి తెచ్చాడు. అప్పట్లో ఒక్క బొమ్మకు గంటకు పైగా పట్టేది.

అయినా ఆ పద్ధతితో కోనసీమ మండువా లోగిలిని గీస్తే గదులు దాదాపు చీకటిగా వచ్చేవి. మండువాలో ఎండ నేరుగా పడేది నడుమ ఉన్న ఖాళీలోనే. చుట్టూ ఉన్న వసారాలకు, గదులకు అందేది నేల మీదా గోడల మీదా పడి తిరిగొచ్చిన వెలుగు. ఎర్ర గచ్చు పక్కనున్న సున్నపు గోడ అడుగున కాస్త ఎరుపు తేలడం కూడా అందువల్లే. ఈ తిరుగు వెలుగును 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయం బృందం లెక్కలోకి తెచ్చింది. వేడి ఒక గోడ నుంచి ఇంకో గోడకు ఎలా పాకుతుందో ఇంజనీర్లు కట్టే లెక్కనే వాళ్లు వెలుగుకు వాడుకున్నారు. 1986లో జేమ్స్ కజియా అన్నిటినీ ఒకే సమీకరణంలో పెట్టాడు. ఇవాళ్టి రెండరింగ్‌కు, అంటే మోడల్‌కు వెలుగునీడలు కట్టి బొమ్మ తీయడానికి, పునాది అదే.

ఆ తర్వాతిదంతా వేగం కథ. ఇలాంటి బొమ్మలు తీసే సాఫ్ట్‌వేర్లలో బల్గేరియాలో తయారైన వీ-రే 2002లో వచ్చింది, లుమియన్ 2010లో. అప్పటికప్పుడు కిరణాలు లెక్కగట్టే ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డులు 2018లో దుకాణాలకు చేరాయి. ట్రేసింగ్ పేపరూ అమ్మోనియా ప్రింట్లూ తప్ప ఎరగని డ్రాఫ్టింగ్ గదులకు ఇప్పుడు ఒక్క కంప్యూటర్ చాలు.

మరి తేడా ఎక్కడ? ఇంటి త్రీడీ మోడల్ గీసే స్కెచప్ సాఫ్ట్‌వేర్‌లో ఊరు మార్చకపోతే సూర్యుడు దాన్ని తయారుచేసిన కంపెనీ పుట్టిన అమెరికాలోని బౌల్డర్ మీదుగానే తిరుగుతాడు. బౌల్డర్ 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన డెల్టా ఉన్నది 16.5 దగ్గర. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు 26 డిగ్రీల ఎత్తు దాటీ దాటనట్టుంటాడు, ఇక్కడ 50 డిగ్రీలు ఎక్కుతాడు. బొమ్మలో దక్షిణం కిటికీ గుండా హాలు లోపలి దాకా పరుచుకున్న ఆ ఎండ, కట్టాక కిటికీ దగ్గరే ఆగిపోతుంది. ఇంకో సంగతి: మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. బౌల్డర్‌లో అలా ఎన్నడూ జరగదు. ఉత్తరం గోడకు సన్‌షేడ్ ఎందుకని బొమ్మ చూసి తీసేయించేవాళ్లు ఇది గమనించాలి.

ఆకాశం సంగతీ అంతే. నిజమైన ఆకాశపు ఫొటోతోనే మోడల్‌కు వెలుగివ్వొచ్చని 1998లో పాల్ డెబెవెక్ చూపాడు. మనవాళ్లు డౌన్‌లోడ్ చేసుకునే ఆకాశం ఏ చలిదేశానిదో కావచ్చు. ఇక నేల: పల్లపు చేలను మెరక చేసి వేసిన లేఅవుటు బొమ్మలో పచ్చిక మైదానంలా ఉంటుంది. పక్కింటి గోడ, కరెంటు స్తంభం, మురుగు కాలువ మోడల్‌లో పెట్టరు గనక బొమ్మలోకి రావు. రెండు వానాకాలాలకు గోడ అడుగున పట్టే నాచునూ ఎవరూ అడగరు.

అపార్ట్‌మెంట్ల విషయంలో చట్టం ఉంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోనో బ్రోచర్లోనో ఉన్న తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి. కొనుగోలుదారు తప్పుకోవాలనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో వెనక్కి రావాలి. అయితే స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా ఆ ప్రాజెక్టును రిజిస్టర్ చేయించక్కర్లేదు. సొంత స్థలంలో సొంత ఇల్లు కట్టించుకునేవాళ్లకైతే అసలు బిల్డరే ఉండడు. అక్కడ బొమ్మకు బాధ్యత ఎవరిదో యజమానీ ఇంజనీరూ తేల్చుకోవాల్సిందే. అడ్వాన్సు ఇచ్చేముందు, ఏ ఊరు, ఏ నెల, ఏ గంట ఎండతో బొమ్మ తీశారో అడిగి రాయించుకోవచ్చు. ఊరు పేరు మార్చి మళ్లీ రెండర్ తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే.