కోర్దోబా: 30 యూరోల రిజిస్ట్రేషన్, పన్నెండు వందల ఏళ్ల తగాదా

స్పెయిన్ దక్షిణాన గ్వాదల్కివిర్ నది ఒడ్డున ఉన్న కోర్దోబా నగరంలో ఎవరిని దారి అడిగినా ఆ భవనానికి చెప్పే పేరు ఒకటే, మెస్కీతా. మన మసీదు, వాళ్ల మెస్కీతా ఒకే అరబ్బీ మాట బిడ్డలు. ఒకటి పర్షియన్, ఉర్దూల మీదుగా మన ఊళ్లకు వచ్చింది, రెండోది స్పానిష్ వాళ్ల నోట నలిగి అలా మారింది. అయితే ఆ మెస్కీతాలో నమాజు జరగదు. 1236 నుంచి అది క్రైస్తవ ఆలయం, ఇప్పుడు కోర్దోబా బిషప్ పీఠం, అంటే కేథడ్రల్. ఏటా దాదాపు 20 లక్షల మంది చూడడానికి వస్తారు. టికెట్ల డబ్బు చేరేది ప్రభుత్వానికి కాదు, కేథడ్రల్ పాలక మండలికి.

2014 నవంబరులో గూగుల్ పటంలో ఈ భవనం పేరు ఉన్నట్టుండి ‘కోర్దోబా కేథడ్రల్’గా మారిపోయింది. జనం గగ్గోలు పెట్టాక మసీదు మాట తిరిగి వచ్చింది. అప్పటికే సందర్శకుల కరపత్రాల్లో కేథడ్రల్ ముందుకు, మసీదు వెనక్కి జరుగుతూ ఉన్నాయి. పేరు మీద ఇంత పట్టుదల దేనికని బయటివాళ్లకు అనిపిస్తుంది. కానీ పేరు వెనుక ఒక కాగితం ఉంది. 2006 మార్చిలో బిషప్ కార్యాలయం ఈ భవనాన్ని తన పేరిట రిజిస్టర్ చేయించుకుంది. అందుకు అయిన ఖర్చు సుమారు 30 యూరోలని పత్రికలు రాశాయి. అప్పటి మారకంలో రెండు వేల రూపాయలు కూడా కాదు. మన దగ్గర ఇంటి స్థలం రిజిస్ట్రేషన్‌కు వెళ్లినవారు ఈ అంకె దగ్గర కాసేపు ఆగిపోతారు.

ఈ కాగితం బలమెంతో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి, చాలా వెనక్కి.

డమాస్కస్ నుంచి ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలిన ఉమయ్యద్ వంశాన్ని 750లో ప్రత్యర్థి వంశమైన అబ్బాసీలు ఊచకోత కోశారు. తప్పించుకున్న యువరాజు అబ్ద్ అల్ రహ్మాన్ ఉత్తర ఆఫ్రికా గుండా ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి, 756లో కోర్దోబాను రాజధాని చేసుకున్నాడు. 785 ప్రాంతంలో మసీదు కట్టడం మొదలుపెట్టాడు. స్తంభాలు కొత్తగా చెక్కించే తీరిక లేదు కాబోలు, పాత రోమన్ శిథిలాల నుంచి, రోమన్ల తర్వాత స్పెయిన్‌ను ఏలిన విసిగోత్‌ల శిథిలాల నుంచి తెప్పించాడు. అవి పొట్టివి, పైగా ఒకదానికొకటి పొంతన లేనివి. పైకప్పు ఎత్తు పెంచడానికి పనివాళ్లు ఒక కమాను మీద మరో కమాను నిలబెట్టారు. రోమన్ల నీటి కాలువ వంతెనల్లో ఆ పద్ధతి ముందే ఉంది. ఎర్ర ఇటుక, లేత రాయి వరుసగా పేర్చిన ఆ చారల కమానులే ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే దృశ్యం. అవసరం కొద్దీ పుట్టిన ఉపాయం ఇంత అందంగా కుదరడం అరుదు.

తర్వాతి పాలకులు దాన్ని పెంచుతూ పోయారు. పదో శతాబ్దంలో రెండో అల్ హకం ప్రార్థన దిశను చూపే గూడు, మిహ్రాబ్‌ను బంగారు మొజాయిక్‌తో తీర్చాడు. ఆ గాజు ముక్కలు బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్య చక్రవర్తి పంపినవని అరబ్ చరిత్రకారులు రాశారు. చివరిగా ప్రధాని అల్ మన్సూర్ తూర్పు వైపుకు విస్తరించాడు. ఇప్పుడు 850కి పైగా స్తంభాలు మిగిలి ఉన్నాయి.

మసీదుకు ముందు అక్కడ ఏముంది? చర్చి వాదన మొదలయ్యేది ఇక్కడే. అక్కడ సాన్ విసెంతే అనే విసిగోత్ ఆలయం ఉండేదని, దాన్ని కొనో కూల్చో మసీదు కట్టారని సంప్రదాయ కథనం. 1930లలో ఫెలిక్స్ ఎర్నాందెస్ అనే వాస్తుశిల్పి తవ్వకాలు చేస్తే నేల కింద పాత కట్టడాలు, మొజాయిక్ నేల బయటపడ్డాయి. ఆ మొజాయిక్‌ను ఇప్పటికీ చూపిస్తారు. అది ఆ ఆలయానిదేనా అన్నదాని మీద పండితులు రెండుగా చీలిపోయారు. మనకు స్థలపురాణాలు కొత్త కాదు గనుక ఈ వాదన రుచి తెలుగు పాఠకులకు వెంటనే అందుతుంది.

1236 జూన్ 29న క్రైస్తవ రాజ్యమైన కస్తీలియా రాజు మూడో ఫెర్నాందో నగరాన్ని గెలిచి లోపలికి వచ్చాడు. మసీదును శుద్ధి చేసి చర్చిగా మార్చారు. ఒక కథ అప్పటి నుంచీ చెప్పుకుంటున్నారు. 997లో అల్ మన్సూర్ వాయవ్య స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం సాంతియాగో దె కొంపోస్తేలా మీద దాడి చేసి, అక్కడి ఆలయ గంటలను క్రైస్తవ బందీల భుజాల మీద కోర్దోబాకు మోయించి, మసీదులో దీపాలుగా వాడాడట. ఫెర్నాందో వాటిని ముస్లిం బందీల భుజాల మీద వెనక్కి పంపాడట. రెండు వైపులా మోసింది బందీలే.

విచిత్రం ఏమిటంటే, గెలిచినవాళ్లు మసీదును కూల్చలేదు. కొన్ని ప్రార్థనా మందిరాలు చేర్చుకుని దాదాపు మూడు వందల ఏళ్లు అలాగే వాడుకున్నారు. 1523లో బిషప్ అలోన్సో మన్రీకే నడిమధ్యలో పెద్ద కేథడ్రల్ కట్టాలని నిశ్చయించాడు. నగర సభ ఎదురు తిరిగింది. కూల్చే పనిలో చేయి వేసిన పనివాడికి మరణశిక్ష అని చాటించింది. ఆ సభలో ఉన్నది ముస్లింలు కాదు, కోర్దోబా క్రైస్తవ పెద్దలే. తగవు చక్రవర్తి ఐదో చార్లెస్ దాకా వెళ్లింది, ఆయన బిషప్ పక్షాన తీర్పు ఇచ్చాడు. తర్వాత వచ్చి చూసి, ఎక్కడైనా కట్టగలిగినదాని కోసం లోకంలో మరెక్కడా లేనిదాన్ని చెడగొట్టారని వాపోయాడని అంటారు. ఆ మాటలు నిజంగా అన్నాడనడానికి గట్టి ఆధారం లేదు, కానీ కోర్దోబాలో అది తెలియని గైడు ఉండడు. కేథడ్రల్ 1607 దాకా సాగింది. తుపానుకు దెబ్బతిన్న మినార్‌ను పూర్తిగా పడగొట్టకుండా దాని చుట్టూ గంటల గోపురం కట్టారు. ఇవాళ్టికీ ఆ గోపురం లోపల పాత మినార్ దాగి ఉంది.

అంటే ఈ భవనం ఊరిదా, బిషప్‌దా అన్న ప్రశ్న 2006లో పుట్టింది కాదు. 1523లోనే రాజుగారి ముందు నలిగింది. ఇప్పటి తగాదాను ముస్లిం, క్రైస్తవ తగాదాగా చూపించే రాతలు నాకు రుచించకపోవడానికి కారణం ఇదే. కొన్ని ముస్లిం సంఘాలు ప్రార్థనకు అనుమతి కోరాయి, చర్చి ఒప్పుకోలేదు, అది నిజమే. కానీ రిజిస్ట్రేషన్ మీద పోరు నడిపిన పౌర వేదికలో ఎక్కువమంది కోర్దోబా పౌరులు. వారు అడిగింది నమాజు కాదు, ఆస్తి ఎవరిదన్నది.

ఇక కాగితం సంగతి. ఫ్రాంకో నియంతృత్వంలో, 1946లో వచ్చిన తనఖా చట్టం (ఆస్తుల రిజిస్ట్రేషన్‌ను నడిపేది ఇదే) చర్చికి ఒక వెసులుబాటు ఇచ్చింది. పాత దస్తావేజులు లేని ఆస్తికి బిషప్ సంతకంతో ధ్రువపత్రం ఇస్తే చాలు, రిజిస్టర్లో ఎక్కుతుంది. అయితే ఆరాధనా స్థలాలకు ఆ సౌకర్యం లేదు, అవి ఎవరివో అందరికీ తెలిసినవేనని అప్పట్లో అనుకున్నారు. 1998లో ప్రధాని అస్నార్ ప్రభుత్వం ఆ మినహాయింపు తీసేసింది. తలుపు తెరుచుకుంది. 2015లో చట్టం మార్చి ఆ పద్ధతికే స్వస్తి చెప్పేలోపు దేశమంతటా చర్చి ఈ దారిలో తన పేరిట ఎక్కించుకున్న ఆస్తులు సుమారు 35 వేలని 2021లో ప్రభుత్వం ప్రకటించిన జాబితా చెబుతోంది. ఆలయాలే కాదు, ఇళ్లు, పొలాలు, శ్మశానాలు కూడా అందులో ఉన్నాయి.

కోర్దోబా మునిసిపాలిటీ నియమించిన నిపుణుల సంఘం 2018లో ఈ భవనం ప్రజల ఆస్తి అని నివేదించింది. యునెస్కో మాజీ అధిపతి ఫెదెరీకో మాయోర్ సరగోసా అందులో ఒకరు. రాజు ఆలయాన్ని ఆరాధనకు అప్పగించడం వేరు, దానం ఇవ్వడం వేరన్నది వారి వాదన సారం. 1236 నుంచి తాము అవిచ్ఛిన్నంగా అనుభవిస్తున్నామని, రిజిస్ట్రేషన్ కొత్త హక్కు కాదు, పాత హక్కుకు రాతేనని చర్చి జవాబు. ఇప్పటికీ తాళాలు చర్చి దగ్గరే ఉన్నాయి. 2025 ఆగస్టు 8 రాత్రి లోపల మంటలు రేగి ఒక ప్రార్థనా మందిరం పైకప్పు కూలినప్పుడు, బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మళ్లీ వీధికి వచ్చింది.

కాపాడింది మేమే అనే చర్చి మాటను ఊరికే కొట్టిపారేయలేం. నమ్మకం కుదరకపోతే పడమరగా 8 కిలోమీటర్లు వెళ్లి శిథిల నగరం మదీనా అసహరాను చూడాలి. మాద్రిద్ నుంచి వేగపు రైలులో రెండు గంటల లోపే దిగి, మెస్కీతా చూసి, అటునుంచే తిరుగు ప్రయాణం కట్టే యాత్రికులు పోగొట్టుకునేది ఇదే. జూలై, ఆగస్టుల్లో మాత్రం వద్దు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అక్కడ నీడ తక్కువ.

929లో తనను ఖలీఫాగా ప్రకటించుకున్న మూడో అబ్ద్ అల్ రహ్మాన్ 936 నుంచి ఆ కొండ వాలు మీద మూడు అంచెలుగా కొత్త రాజధాని కట్టించాడు. పై అంచెలో ఖలీఫా నివాసం, కింది అంచెలో ఊరు. ముచ్చటగా ముప్పావు శతాబ్దం కూడా నిలవలేదు. 1010 ప్రాంతంలో అంతర్యుద్ధంలో సైనికులు దోచి తగలబెట్టారు. అక్కడ ఆరాధించేవారు లేరు, కాబట్టి కావలి కాసేవారూ లేకపోయారు. తర్వాతి శతాబ్దాలు దాన్ని రాతి గనిలా వాడుకున్నాయి. కొండ మీద పదిహేనో శతాబ్దపు సాన్ హెరోనిమో మఠానికి రాళ్లు ఇక్కడివే. చివరికి పేరు కూడా పోయింది. జనం దాన్ని ‘పాత కోర్దోబా’ అన్నారు, రోమన్ల నాటి ఊరనుకున్నారు. 1911లో తవ్వకాలు మొదలయ్యాయి, 2018లో యునెస్కో జాబితాలో చేరింది. బయటపడింది సుమారు పదో వంతే.

మ్యూజియం దగ్గర బస్సు ఎక్కి పై అంచెకు చేరి కిందికి చూస్తే, కమానుల అవతల గడ్డి మైదానం కనిపిస్తుంది. తవ్వని నగరం దాని కిందే ఉంది. ఆ మైదానం దాటాక చిన్న చిన్న ఇళ్ల గుంపులు. రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా వెలిసినవి వాటిలో చాలా ఉన్నాయి. వాటిని క్రమబద్ధం చేయాలా, తీసేయాలా అన్న వాదన కోర్దోబాలో ఏళ్లుగా నానుతోంది.