మెసేజ్‌లు డిలీట్ చేసేయకండి బాబాయ్ గారూ

పాలకొల్లు దగ్గర మా బాబాయికి వాట్సాప్ గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కిపోయేది) వచ్చింది, నొక్కాడు, అరగంటలో రొయ్యల మేత డీలర్‌కి కట్టాల్సిన డబ్బులు అకౌంట్లోంచి మూడు విడతల్లో పోయాయి. స్టేషన్‌కి పరిగెత్తితే కానిస్టేబుల్ ముందు అడిగింది కంప్లైంట్ కాగితం కాదు, "యూపీఐ రిఫరెన్స్ నంబర్ చెప్పండి, పన్నెండంకెలు ఉంటది, ముందు 1930కి ఫోన్ కొడదాం, మెసేజ్‌లు మాత్రం డిలీట్ చేసేయకండి బాబాయ్ గారూ" అన్నాడు. బాబాయి అప్పటికే భయంతో సగం చెరిపేశాడు.

అసలు ఆ మాట అంత ముఖ్యం ఎందుకయ్యిందో చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి. చిన్నప్పుడు మా ఊళ్లో చీటీలు వేసినాయన రాత్రికి రాత్రి ఊరొదిలి పోతే పోలీసులకి దొరికేది పెన్సిల్‌తో రాసిన పద్దు పుస్తకం, ప్రోనోట్లు, అంతే. చేతిరాత ఎవరిదో తేల్చడానికి ల్యాబుకి పంపాలి, బ్యాంకు లెడ్జర్ నకళ్లు తెప్పించాలి (దానికి చట్టం 1891 నాటిది!), ఈలోగా చీటీ కట్టినవాళ్లలో కొందరు చనిపోయేవారు కూడా.

2000లో కంప్యూటర్ నేరాల కోసం ఐటీ చట్టం వచ్చింది కానీ మొదట్లో ఆ కేసులు డీఎస్పీ స్థాయి ఆఫీసరే దర్యాప్తు చేయాలి, అంటే మామూలు స్టేషన్‌కి ఆ పనే లేదు. 2009 అక్టోబర్లో అమల్లోకొచ్చిన సవరణతో ఇన్‌స్పెక్టర్లకి ఆ అధికారం వచ్చింది, వేరేవాడి వేషంలో కంప్యూటర్ ద్వారా మోసం చేయడానికి 66డీ సెక్షన్ కూడా అప్పుడే పుట్టింది. అదే ఏడాది జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు, కంపెనీ లెక్కలు దొంగవని తనే ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం. భీమవరం వైపు మనిషి కాబట్టి మా వైపు ఆ దెబ్బ ఇంట్లో మనిషికి తగిలినట్టే తగిలింది. ఆ కేసులో కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్లో దాచిపెట్టిన 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లని సీబీఐ బయటికి తీసింది. నా మటుకు నాకు తెలుగు నేల మీద కంప్యూటరే సాక్షిగా నిలబడ్డ పెద్ద కేసు అదే, 2015 ఏప్రిల్లో శిక్షలు పడ్డాయి.

అయితే కంప్యూటర్లో ఉంటే చాలదు, కోర్టు నమ్మాలి కదా. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాపీ ఇస్తే పాత సాక్ష్య చట్టం 65బీ సెక్షన్ సర్టిఫికెట్ (ఈ కాపీ ఫలానా కంప్యూటర్లోంచి వచ్చిందే అని రాసిచ్చే కాగితం) ఉండాల్సిందే అని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2020లో మళ్లీ గట్టిగా చెప్పింది. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఆ సర్టిఫికెట్లో హ్యాష్ వేల్యూ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఫైల్లో ఒక్క అక్షరం మారినా మొత్తం మారిపోద్ది, కాబట్టి సీజ్ చేసిన రోజూ కోర్టులో తెరిచిన రోజూ ఒకటే వస్తే మధ్యలో ఎవడూ చెయ్యి పెట్టలేదని అర్థం. ఇప్పుడు సోదాలు, జప్తులు వీడియో తియ్యడం కూడా తప్పనిసరి చేశారు.

ఇక 2016లో యూపీఐ వచ్చాక మొత్తం వేగమే మారిపోయింది. దొంగ డబ్బు అద్దెకిచ్చిన ఒక అకౌంట్లోంచి ఇంకోదాంట్లోకి, అక్కణ్ణుంచి నాలుగింట్లోకి నిమిషాల్లో వెళ్లిపోద్ది, పోలీసు కాగితం రాసి బ్యాంకుకి పంపేలోపు ఏటీఎంలో డ్రా అయిపోద్ది. అందుకే 2019లో సైబర్ క్రైమ్ పోర్టల్, 2021లో 155260 హెల్ప్‌లైన్, తర్వాత అదే 1930 అయ్యింది. మనం చెప్పిన యూపీఐ రిఫరెన్స్ నంబర్ పట్టుకుని డబ్బు ఏ బ్యాంకుకి వెళ్తే ఆ బ్యాంకుకి కంప్లైంట్ వెనకాలే వెళ్లి మిగిలినదాన్ని ఎవరూ తీయకుండా హోల్డ్‌లో పెడతారు. దొంగని పట్టుకోవడం ఆ తర్వాత సంగతి, కాల్ డేటా, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్), ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్ గుర్తింపు), ఏటీఎం సీసీ కెమెరా ఇవన్నీ కలిపి చూడాలి, చాలాసార్లు సిమ్ ఒక రాష్ట్రంలో, అకౌంట్ ఇంకో రాష్ట్రంలో, మనిషి మరోచోట.

నాకు బాధ ఎక్కడంటే, ఆపడం నిమిషాల్లోకి వచ్చింది గానీ తిరిగివ్వడం ఇంకా పాత నడకే. హోల్డ్‌లో ఉన్న డబ్బు కోసం చాలా కేసుల్లో కోర్టులో పిటిషన్ వేయాలి, ఆర్డర్ రావాలి, ఆ ఆర్డర్ బ్యాంకుకి చేరాలి. చెరువు గట్టు మీద ఉండే మనిషి అన్నిసార్లు ఎలా తిరుగుతాడండీ? స్టేషన్లో ఇవి తెలిసిన కుర్రాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లు బందోబస్తుకి వెళ్తే ఆ రోజు పని ఆగిపోద్ది.

బాబాయి డబ్బుల్లో మూడో విడతది రెండో అకౌంట్లో హోల్డ్ అయ్యింది. మొదటి రెండూ ఆ సాయంత్రమే డ్రా అయిపోయాయి. మేత బిల్లు వెనకాల రాసుకున్న ఆ మూడు పన్నెండంకెల నంబర్లు ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉన్నాయి, వాయిదాకి వెళ్లిన ప్రతిసారీ ముందు అవి తీసి చూపిస్తాడు.