బేస్ గిటార్: నా బెంచి దగ్గర తరచూ వినే అపోహలు, వాటి వాస్తవాలు

నేను హైదరాబాదులో గిటార్లు రిపేరు, సెటప్ చేస్తాను. నా దగ్గరికి వచ్చే బేస్ గిటార్లు ఎక్కువగా చర్చి బ్యాండ్లవి, పెళ్లి ఆర్కెస్ట్రాలవి, కాలేజీ పిల్లలవి. "అన్నా, ఇది ఇక పనికిరాదు, అమ్మేసి మంచిది కొంటాను" అంటూనే చాలామంది వస్తారు. తీసి చూస్తే పెద్ద లోపమేమీ కనిపించదు. కొన్నప్పటి నుంచి దాన్ని ఎవరూ సెటప్ చేయలేదు, అంతే. పాత తీగలు మార్చి, మెడ వంపు చూసి, తీగలు ఆనుకునే చిన్న దిమ్మలను, అంటే శాడిళ్లను, సర్దితే అదే బేస్ హాయిగా పలుకుతుంది. అప్పు చేసి మరీ కొత్తది కొనడానికి సిద్ధపడిన కుర్రాళ్లను చూస్తే నాకు మనసొప్పదు. అందుకే ఎక్కువగా వినే మాటలను తీసుకుని, అసలు సంగతేమిటో రాస్తున్నాను.

అపోహ: తీగలు ఎత్తుగా ఉంటే ట్రస్ రాడ్ బిగించాలి

బేస్ మెడలు పాడయ్యేది ఎక్కువగా ఈ నమ్మకం వల్లే. మామూలు నాలుగు తీగల సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు అన్నీ కలిసి దాదాపు 70-80 కేజీల బలంతో మెడను లాగుతుంటాయి. నారి కట్టిన విల్లులా మెడ కాస్త ముందుకు వంగుతుంది. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికి మెడ లోపల పెట్టిన ఉక్కు కడ్డీయే ట్రస్ రాడ్. వంపును సరైన కొలతలో ఉంచడమే దాని పని. తీగల ఎత్తు, అంటే యాక్షన్, సరిచేయాల్సింది తీగల కింది చివర బాడీ మీదుండే బ్రిడ్జ్ మీది శాడిళ్లతో. ట్రస్ రాడ్ తిప్పినప్పుడు ఎత్తు కూడా కొంచెం మారుతుంది కాబట్టి జనం ఈ రెండిటినీ కలిపేస్తారు.

వంపు ఎంతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. బేస్‌ను శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్ (మెడ మీది లోహపు అడ్డుపట్టీ) మీద కేపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, పెట్టండి. మెడ బాడీలో కలిసే చోట ఉన్న ఫ్రెట్ దగ్గర అన్నిటికన్నా లావైన ఇ తీగను వేలితో నొక్కిపట్టండి. ఇప్పుడు ఆ తీగ మీకు స్కేలులా పనికొస్తుంది. 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సుమారు 0.3 మి.మీ. సందు ఉంటే చాలు. ఒక విజిటింగ్ కార్డు దూరితే సరిపోయినట్టే. సందు ఎక్కువగా ఉంటే రాడ్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు బిగించాలి. తీగ ఫ్రెట్లకు ఆనుకుపోయి ఉంటే వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకండి. మళ్లీ శ్రుతి చేసి, మర్నాడు ఇంకోసారి చూడండి. చెక్క కుదురుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది.

రాడ్‌ను తిప్పే ఎలెన్ కీ (ఆరు పలకల కీ) విషయంలో మరీ జాగ్రత్త. కొన్ని బేస్‌లకు అంగుళాల కొలత కీ, కొన్నిటికి మిల్లీమీటర్ల కొలత కీ పడుతుంది. దగ్గరగా ఉందని వేరే కీ బలవంతంగా దూర్చితే రాడ్ చివరి నట్ లోపలి అంచులు అరిగిపోతాయి. అప్పుడు అయ్యే ఖర్చు ఒక్కోసారి బేస్ ధరకు దగ్గరగా వెళ్తుంది. తిప్పితే తిరగకపోతే అక్కడితో ఆపేసి, పని తెలిసినవాళ్లకు ఇవ్వండి.

వంపు కుదిరాకే శాడిళ్ల జోలికి వెళ్లాలి. ఫెండర్ కంపెనీ తన బేస్‌లకు ఇచ్చే కొలత మంచి మొదలు: 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగ వైపు సుమారు 2.4 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. ఆ తర్వాతే ఇంటోనేషన్, అంటే మెడ పొడవునా స్వరాలు శ్రుతిలో ఉండేలా సర్దడం. 12వ ఫ్రెట్ హార్మోనిక్‌ను (అక్కడ తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరాన్ని), అదే ఫ్రెట్ నొక్కి వాయించిన స్వరాన్ని ట్యూనర్‌తో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్‌ను వెనక్కి, తక్కువ పలికితే ముందుకు జరపాలి. అరిగిపోయిన తీగలతో ఈ పని పెట్టుకోకండి, అవి ఎంతసేపు సర్దినా ఒక చోట నిలవవు.

అపోహ: వాయించాక తీగలు వదులు చేసిపెట్టకపోతే మెడ వంగిపోతుంది

ఆ లాగుడును తట్టుకునేలాగే మెడను తయారుచేస్తారు. రోజూ వదులు చేసి, మళ్లీ బిగిస్తుంటే అది ఒక చోట కుదురుకోదు. నెలల తరబడి వాయించరంటే ఒక స్వరం దించి పెట్టండి, చాలు.

తీగలన్నీ ఒకేసారి తీసేస్తే మెడ పాడవుతుందనేది దీనికి జోడీ మాట. శుభ్రం చేయడానికి కొన్ని గంటలు తీసి ఉంచితే ఏమీ కాదు. హాఫ్నర్ వయొలిన్ బేస్ లాంటి వాటికి మాత్రం బ్రిడ్జ్‌కు స్క్రూలుండవు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. అన్నీ తీస్తే అది ఊడి వస్తుంది. అలాంటి వాటికి ఒక్కొక్క తీగే మార్చుకోండి.

అపోహ: బేస్ తీగలు తెగేదాకా మార్చక్కర్లేదు

ఇది పూర్తిగా అబద్ధమని అనలేను. అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు చదునుగా, నున్నగా ఉండేవి) వేసుకుని, వాటిని మార్చకుండానే వాయించేవాడు. ఆ మెత్తని, గుండ్రని శబ్దం మీకూ కావాలంటే ఫ్లాట్‌వౌండ్ వేసుకోండి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. షాపుల్లో బేస్‌లకు వేసి ఇచ్చేవి ఎక్కువగా పైన గుండ్రటి తీగ చుట్టిన రౌండ్‌వౌండ్ తీగలు. వాటి చుట్ల మధ్య చెమట, చర్మపు మురికి చేరితే మెరుపు పోయి మొద్దుగా పలుకుతాయి. వేడినీళ్లలో మరిగిస్తే మురికి వదిలి కొన్నాళ్లు మళ్లీ మెరుస్తాయి కానీ, అలసిపోయిన లోహం కొత్తదైపోదు. తడి ఆరకపోతే తుప్పు కూడా పడుతుంది.

విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చే బేస్‌ల తీగలు చూడగానే గుర్తుపడతాను, ఉప్పుగాలికి అంత త్వరగా తుప్పు పడతాయి. అక్కడివాళ్లు వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగల పైనా కిందా తుడిస్తే ఎంతో తేడా ఉంటుంది. ఇంకో మాట, కొత్త తీగ అదనపు పొడవు కత్తిరించే ముందు ఆ చోట దాన్ని నిలువుగా వంచి, వంపు తర్వాతే కత్తిరించండి. ముఖ్యంగా ఫ్లాట్‌వౌండ్‌లను తిన్నగా ఉండగా కోస్తే పైచుట్టు వదులై ఆ తీగ పలకడం మానేస్తుంది.

అపోహ: కొబ్బరినూనె రాస్తే ఫ్రెట్‌బోర్డుకు మంచిది

దయచేసి మెడ మీద ఫ్రెట్లుండే ఆ పలకకు రాయకండి. వంటకు, తలకు వాడే నూనెలు చెక్క మీద ఉండి ఉండి ముక్కిపోతాయి, జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది. పూత లేని రోజ్‌వుడ్ బోర్డుకు (మన దగ్గర పెరిగే జిట్రేగి కూడా ఆ జాతిదే) ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫ్రెట్‌బోర్డు కోసం అమ్మే లెమన్ ఆయిల్ నాలుగు చుక్కలు రాసి తుడిచేస్తే సరిపోతుంది. వార్నిష్ వేసిన మేపుల్ బోర్డుకు ఏ నూనే అక్కర్లేదు. స్టీల్ ఊల్‌తో ఫ్రెట్లు మెరిపించేవాళ్లు ముందు పికప్‌ల (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే, అయస్కాంతాలున్న భాగాల) మీద టేపు అంటించుకోండి, లేదంటే ఆ ఉక్కు పొడి అంతా అయస్కాంతాలకు పట్టుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మెడ అంచున ఫ్రెట్ల చివర్లు చేతికి గీసుకుంటున్నాయని చాలామంది కంగారుపడతారు. పొడి వేడికి చెక్క కాస్త కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు. వానలు పడ్డాక చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ గీసుకుంటే చివర్లు సన్నగా రాపించుకోండి.

అపోహ: చెక్క ఖరీదైనదైతేనే శబ్దం బాగుంటుంది

పికప్ వినేది ఉక్కు తీగ కదలికను. చెక్క ప్రభావం అసలు లేదని నేను వాదించను. కానీ తీగలు, పికప్ ఉన్న చోటు, వాయించే వేళ్లు తెచ్చే తేడా ముందు అది చాలా చిన్నది. 1970ల మొదట్లో ఫెండర్ తన జాజ్ బేస్ మోడల్‌లో వెనక పికప్‌ను బ్రిడ్జ్ వైపు దాదాపు ఒక సెంటీమీటరు జరిపింది. అంతమాత్రానికే శబ్దంలో వచ్చిన బిరుసును వాయించేవాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు. డబ్బు ఖర్చుపెట్టే ముందు కుడిచేతిని మెడ వైపు, బ్రిడ్జ్ వైపు జరిపి వాయించి చూడండి.

యాక్టివ్ బేస్ పాసివ్ కన్నా గొప్పదనే మాటా అలాంటిదే. యాక్టివ్‌లో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) ఉంటుంది, బాస్ (లోతైన శబ్దం), ట్రెబుల్ (సన్నని శబ్దం) పెంచుకోవచ్చు. పాసివ్‌లో అది ఉండదు. చాలా యాక్టివ్ బేస్‌లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. శబ్దం పగిలినట్టు వస్తే పికప్ పోయిందని అనుకునే ముందు బ్యాటరీ మార్చండి.

అపోహ: బేస్‌కు 15 అంగుళాల స్పీకరే కావాలి

1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల యాంప్ (శబ్దాన్ని పెంచే పెట్టె). దానికి జోడీగా ఇచ్చిన ఫ్రిజ్ ఎత్తు స్పీకర్ పెట్టెలో, అంటే క్యాబినెట్‌లో, ఉండేవి ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లు. రాక్ బేస్ అంటే గుర్తొచ్చే శబ్దాల్లో అదొకటి. స్పీకర్ కొలత ఒక్కటే ఏమీ చెప్పదు. క్యాబినెట్ డిజైన్, స్పీకర్ల సంఖ్య, అవి ఎంత గాలిని నెట్టగలవనేది కలిపి చూడాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బేస్ ఇ తీగ మూలస్వరం 41 హెర్ట్జ్. ఆ ఆంపెగ్ క్యాబినెట్ కూడా 58 హెర్ట్జ్ కిందికి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. అయినా మనకు స్వరం నిండుగా వినిపిస్తుంది, ఎందుకంటే 82, 123 హెర్ట్జ్ దగ్గర దానితో పాటే పలికే పైస్వరాల (హార్మోనిక్‌ల) నుంచి మెదడు మూలస్వరాన్ని పోల్చుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో కూడా బేస్ లైన్ తెలిసేది అందుకే. బ్యాండులో బేస్ వినపడట్లేదని బాస్ నాబ్ పూర్తిగా తిప్పేస్తారు, హాలంతా గుమ్మంటుంది, స్వరం మాత్రం తెలియదు. బాస్ తగ్గించి మిడ్ (మధ్యస్థాయి శబ్దం) కొంచెం పెంచండి, మీ స్వరం బయటికి వస్తుంది.

వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెళ్లే పెరుగుతుంది. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు పది రెట్ల పవర్ కావాలి. కాబట్టి 100 వాట్ల యాంప్ అమ్మి 150 కొనడం దండగ. గిటార్ యాంప్‌లో బేస్ వాయిస్తే యాంప్ కాలిపోతుందనేది కూడా నిజం కాదు, మెల్లగా ప్రాక్టీసు చేసుకోవచ్చు. సౌండు పెంచితే మాత్రం పెద్ద కదలికలకు ఆ స్పీకర్ కోను దెబ్బతింటుంది.

క్యాబినెట్‌లు కలిపేటప్పుడు లెక్క చూసుకోండి. రెండు 8 ఓమ్‌ల క్యాబినెట్‌లు సమాంతరంగా కలిస్తే 4 ఓమ్‌లు. యాంప్ వెనక రాసిన కనీస ఓమ్‌ల కన్నా తగ్గకూడదు. యాంప్ నుంచి క్యాబినెట్‌కు స్పీకర్ కేబులే వాడాలి, గిటార్ కేబుల్ లోపలి తీగ సన్నది, అంత కరెంటుకు వేడెక్కుతుంది.

అపోహ: హమ్ (గుయ్‌మనే రొద) వస్తుంటే ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే సరి

ఈ ఒక్క మాటా మీ బ్యాండులో ప్రతి ఒక్కరికీ చెప్పండి. పందిట్లో, ఫంక్షన్ హాల్లో, జాతర స్టేజీ మీద మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావు పిన్నును విరిచేసిన యాంప్‌లు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. మీ బేస్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. యాంప్ లోపల ఏదైనా తీగ ఊడి బాడీకి తగిలితే, ఎర్త్ లేనప్పుడు ఆ 230 వోల్టులు మీ వేళ్ల దాకా వస్తాయి. పెదాలు మైకుకు తగిలితే కరెంటు మీ గుండె మీదుగానే పోతుంది. 1972లో గిటారిస్టు లెస్ హార్వీ వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజీ మీద సరిగా ఎర్త్ లేని మైకు ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు.

హమ్ ఎక్కడిదో ముందు కనిపెట్టండి. జాజ్ బేస్‌లో ఒక వాల్యూమ్ తగ్గిస్తే హమ్ వచ్చి, రెండూ పూర్తిగా పెడితే పోతుందా? అది ఒక్క తీగచుట్టే ఉండే సింగిల్ కాయిల్ పికప్‌ల స్వభావం, లోపం కాదు. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గుతుందా? బేస్‌లో బయటి రొదను ఆపే షీల్డింగ్ తక్కువగా ఉంది, లోపల రాగి రేకు అంటిస్తే మెరుగవుతుంది. మిక్సర్‌కు కలిపినప్పుడే వస్తుందా? అయితే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే హమ్. బేస్‌ను మిక్సర్‌కు కలిపే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నది దానికే. అది ఆడియో కేబుల్ షీల్డును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

కొత్త చోట ప్రోగ్రాం ఉంటే సౌండ్ చెక్‌కు ముందే ఎలక్ట్రీషియన్‌తో ప్లగ్గు బోర్డులో ఎర్త్ ఉందో లేదో పరీక్ష చేయించండి. జనరేటర్ మీద నడిచే స్టేజీ అయితే ఎర్త్ కడ్డీ పాతారో లేదో అడగండి. స్టేజీ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) పెట్టమనండి. మైకు ముట్టుకున్నప్పుడు పెదాలకు జివ్వుమంటే వెంటనే వాయించడం ఆపి కిందికి దిగండి. ప్రోగ్రాం ఆలస్యమైనా పర్వాలేదు. బేస్‌కు వైర్‌లెస్ వాడుకోగలిగితే మీ చేతికీ యాంప్‌కూ మధ్య తీగ సంబంధమే ఉండదు. ఎర్త్ పిన్ను విరిగిన ప్లగ్గు మీ ఇంట్లో ఉంటే ఈ రోజే మార్చేయండి, కొత్త ప్లగ్గు వీధి చివర ఎలక్ట్రికల్ షాపులోనే దొరుకుతుంది.