అనుమానం వస్తే విశ్వాసం పోయినట్టేనా? మన సంఘాల్లో అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ యూత్ కూటాలు నడిపే పాస్టర్ని. చదువుకో ఉద్యోగానికో విశాఖ, హైదరాబాద్ వెళ్లిన పిల్లలు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, ఆదివారం ఆరాధన అయ్యాక కొందరు వెంటనే వెళ్లరు. జనం పలచబడే దాకా చెప్పుల దగ్గరే తచ్చాడి, "అయ్యగారూ, ఒక మాటండి" అంటారు. హాస్టల్లో స్నేహితులు ఏదో అడిగారు, జవాబు తట్టలేదు, అప్పట్నుంచి మనసు మనసులో లేదు. ప్రశ్న కన్నా వాళ్లను ఎక్కువ పీడించేది భయం. ఇలాంటి ఆలోచన వచ్చిందంటే నేను పడిపోయానా అని. ఆ భయాన్ని నేర్పింది బయటివాళ్లు కాదు, మనమే.

అపోహ: నిజమైన విశ్వాసికి అనుమానం రాదు.

బాప్తిస్మమిచ్చు యోహానుకు వచ్చింది. యేసును వేలు పెట్టి చూపించినవాడే, చెరసాలలో పడ్డాక మనుషుల్ని పంపి "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకని కొరకు కనిపెట్టవలెనా?" అని అడిగించాడు. యేసు కోప్పడలేదు. కళ్లారా చూసినవి వెళ్లి చెప్పమన్నాడు. వాళ్లు అటు వెళ్లగానే జనం ముందు యోహానును మెచ్చుకున్నాడు. మత్తయి 11వ అధ్యాయం తీసి చదవండి.

అదే సువార్త చివర్లో, తిరిగి లేచిన ప్రభువును కొండ మీద చూసి మొక్కినవాళ్లలోనే కొందరు సందేహించారని రాసి ఉంది. వెళ్లి సమస్త జనులను శిష్యులుగా చేయండన్న పెద్ద ఆజ్ఞ ఇచ్చింది వాళ్లతో కలిపే. సందేహించినవాళ్లను పక్కకు నిలబెట్టి మిగతావాళ్లకు ఇవ్వలేదు. మార్కు 9లో కొడుకు జబ్బుతో అల్లాడిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అంటాడు. ఒకే ఊపిరిలో రెండూ. ఆ పిల్లవాడు బాగయ్యాడు. 88వ కీర్తనైతే చీకటి మాట మీదే ఆగిపోతుంది, ఓదార్పు ముగింపు లేదు. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. మన సాక్ష్యాల కూటాల్లో మాత్రం సుఖాంతం లేని సాక్ష్యానికి మైకు ఇవ్వం.

మదర్ థెరిసా ఉత్తరాలు ఆమె పోయిన పదేళ్లకు, 2007లో పుస్తకంగా వచ్చాయి. దేవుడు దగ్గరున్నట్టే అనిపించడం లేదని ఆమె దశాబ్దాల పాటు తన ఆత్మీయ గురువులకు రాసుకుంది. ఆ ఏళ్లన్నీ కలకత్తాలో పని ఆపలేదు. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

సందేహించేవాడు సముద్ర తరంగం లాంటివాడన్న యాకోబు పత్రిక వాక్యం చూపించి పిల్లల నోరు మూయించే పెద్దలకు యూదా పత్రిక 22వ వచనం కూడా చూపిస్తుంటాను: "సందేహపడువారిమీద కనికరము చూపుడి."

అపోహ: స్నేహితుడితో వాదనలో ఓడిపోతే మన దేవుడు ఓడిపోయినట్టు.

ఈ పట్టుదల వల్లే మన పిల్లలు వాట్సాప్‌లో ఏది దొరికితే అది పట్టుకుని వాదనకు దిగుతారు. యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్న మెసేజ్ మీ సంఘం గ్రూపులోనూ వచ్చే ఉంటుంది. అది కట్టుకథ. అలాంటిదేమీ జరగలేదని నాసా వాళ్లే ఎప్పుడో చెప్పారు. స్నేహితుడు ఫోన్ తీసి రెండు నిమిషాల్లో ఆ సంగతి చూపించాక, మనవాడికి ఆ మెసేజ్ మీదే కాదు, చిన్నప్పట్నుంచి విన్న ప్రతి మాట మీదా అనుమానం పుడుతుంది. గ్రూపులో పంపిన పెద్దాయనకు ఇదేమీ తెలీదు, ఆయన మర్నాడు ఇంకోటి పంపుతాడు.

మొదటి పేతురు 3:15 జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటుంది, సాత్వికంతో, భయంతో. గెలవమని అందులో ఎక్కడా లేదు. "నాకు తెలీదు రా, కనుక్కుని చెప్తాను" అనడం కూడా జవాబే. అని ఊరుకోకుండా నిజంగా కనుక్కోవాలి. నన్ను అడిగినవాళ్లలో కొందరికి నేనూ అదే చెప్పి పంపాను.

అపోహ: సైన్సు ఎక్కువ చదివితే భక్తి పోతుంది.

ఇంటర్ బైపీసీలో బఠానీ మొక్కలతో మనల్ని చంపుకుతిన్న మెండెల్ ఒక మఠంలోని క్రైస్తవ సన్యాసి. విశ్వం వ్యాపిస్తోందని 1927లోనే లెక్కగట్టి, తర్వాత బిగ్ బ్యాంగ్ అని పేరు పడిన ఆలోచనకు పునాది వేసిన జార్జ్ లెమైత్ర్ బెల్జియంకు చెందిన కేథలిక్ ఫాదర్. ఆయనలో నాకు నచ్చేది ఇంకోటుంది. తన సిద్ధాంతాన్ని సృష్టికి రుజువుగా చూపించడం ఆయనకు ఇష్టం లేదు. సైన్సుతో దేవుణ్ణి నిరూపించాలని మనమూ అంత తాపత్రయపడక్కర్లేదు. ఆదికాండంలోని ఆరు దినాలను ఎలా చదవాలన్నదాని మీద విశ్వాసుల మధ్యే భేదాభిప్రాయాలున్నాయి. ఆ మాట పిల్లలకు ముందే చెప్పి పంపితే, క్లాసులో విన్నప్పుడు కంగారు పడరు.

అపోహ: అన్యులతో స్నేహం మానేస్తేనే విశ్వాసం నిలుస్తుంది.

రెండో కొరింథీయుల పత్రికలోని "అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" అన్న వాక్యం అందరికీ నోటికొచ్చు. అదే కొరింథీయులకు పౌలు మొదటి పత్రికలో (5:9, 10), నేను చెప్పింది లోకులతో కలవొద్దని కాదు, అలాగైతే మీరు లోకంలోంచే వెళ్లిపోవాలి కదా అన్నాడు. అది ఎవరూ కంఠస్థం చేయించరు.

మన జిల్లాల్లో ఈ ప్రశ్న ప్రసాదం దగ్గర తేలుతుంది. రథసప్తమికి అరసవల్లి వెళ్లొచ్చిన స్నేహితుడు ప్రసాదం చేతిలో పెడతాడు. విజయనగరంలో సిరిమానోత్సవం నాడు ఇంటికి భోజనానికి పిలుస్తారు. పౌలు ఈ సంగతి మీద మొదటి కొరింథీయుల 8, 10 అధ్యాయాల్లో చాలా రాశాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లు, పెట్టింది ఆరా తీయకుండా తిను. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే తినకు, అదీ నీ మనస్సాక్షి కోసం కాదు, ఎదుటివాడి మనస్సాక్షి కోసం. కాబట్టి పిల్లలకు నా సలహా ఇది. పండగ భోజనానికి వెళ్లండి. ప్రసాదం అని చెప్పి ఇస్తే నవ్వుతూ, "ఏటనుకోకు, నేను తీసుకోను" అనండి. తీసుకుని వీధి మలుపులో పారెయ్యకండి. అది వాళ్లకూ అవమానం, మీకూ అబద్ధం. ఈ విషయంలో నాతో ఒప్పుకోని పాస్టర్లు ఉన్నారు, భోజనానికీ వెళ్లొద్దంటారు. చుట్టూ పది గడపల్లో తొమ్మిది హిందువులవైన ఊళ్లో అది ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు.

అపోహ: "మీది తెల్లవాళ్ల మతం" అని ఎవరైనా అంటే తగువు పెట్టుకోవాలి.

అక్కర్లేదు. లండన్ మిషనరీలు 1805లో విశాఖపట్నంలో దిగిన మాట నిజమే, దాచేదేముంది? అప్పట్లో ఈస్టిండియా కంపెనీకే మిషనరీలంటే గిట్టేది కాదు, 1813 చార్టర్ చట్టం వచ్చేదాకా తలుపు సరిగా తియ్యలేదు. ఇక మనం ఆదివారం పాడే కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. పొరుగూరాయన. ఇంతవరకు చెప్పి టీ తాగించండి.

అపోహ: బాప్తిస్మం, అన్యభాషల్లో మాట్లాడడం, ప్రభువు రెండో రాకడ గురించి వేరుగా చెప్పే సంఘంవాడు దారి తప్పినవాడు.

మన దగ్గర బాప్టిస్టులు ఎక్కువ, కేథలిక్కులున్నారు, పెంతెకొస్తు సంఘాలు వీధికొకటి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు సంఘాలకు వెళ్తారు. యేసు ప్రభువన్న చోట ఒక్కటైనవాళ్లు ముంచాలా చిలకరించాలా అన్నచోట విడిపోయి మాట్లాడుకోకపోవడం నాకు సిగ్గుగా ఉంటుంది. ఇంతకన్నా రాయను, ఫోన్లు వస్తాయి.

అపోహ: ఎలాంటి సందేహమైనా ఉపవాస ప్రార్థనతో పోతుంది.

అన్నీ ఒక రకం కావు. పరిశుద్ధాత్మను దూషించేశానేమో, నాకు క్షమాపణ లేదేమో అన్న ఆలోచన రోజంతా తిరిగి తిరిగి రావడం, వంద సార్లు ఒప్పుకోలు ప్రార్థన చేసినా మళ్లీ చెయ్యాలనిపించడం, నిద్ర పట్టకపోవడం, ఇవి ఓసీడీ (వద్దన్నా ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వెంటాడే మానసిక జబ్బు) లక్షణాలు కావచ్చు. ఆ భయంతో ఏడుస్తూ వచ్చే మనిషి దేవుణ్ణి తోసేసినవాడు కాదని ఆ ఏడుపే చెబుతోంది. అతన్ని ఇంకో మూడు రోజులు పస్తు ఉంచితే జబ్బు ముదరొచ్చు. దీనికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లడానికి ఇంట్లోవాళ్లు మొహమాటపడితే మీ పాస్టర్ని తోడు రమ్మనండి. నన్ను పిలిచినా వస్తాను, ఆదివారం తప్ప.