రోగి కాలు నేల మీద పెట్టకముందే

ఆసుపత్రిలో రోగి కింద పడ్డాడంటే చాలా సందర్భాల్లో అది మంచానికీ బాత్రూంకీ మధ్యే, పక్కన ఎవరూ లేని వేళే జరుగుతుంది. దాన్ని ముందే పసిగట్టడంలో కృత్రిమ మేధ ఎంతవరకు సాయపడుతుందో, ఎక్కడ తడబడుతుందో చూద్దాం. రోజంతా పడుకుని ఉన్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి, మెదడుకు చేరేది కాసేపు తగ్గుతుంది. నిలబడ్డ 3 నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే ఆ రోగిని ఒంటరిగా నడవనివ్వకూడదు. బీపీ మాత్రలు, ప్రొస్టేట్ కోసం ఇచ్చే టామ్సులోసిన్ ఈ తగ్గుదలను పెంచుతాయి. ఆల్ప్రజోలామ్, జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు నడకలో తూకం తప్పిస్తాయి. ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మాత్ర వేసుకున్న గంటలోపే పని మొదలుపెట్టి, దాదాపు 6 గంటలు మూత్రానికి లేపుతుంది. అది సాయంత్రం 7 గంటలకు పడితే అర్ధరాత్రి దాకా ఆ పెద్దాయన లేస్తూనే ఉంటాడు. తుంటి ఎముక విరగడం, రక్తం పలచబడే మందులు వాడేవారికి తలలో రక్తస్రావం కావడం ఇలాంటి రాత్రుల్లో జరిగేవే.

ఎవరు పడే ప్రమాదం ఉందో అంచనా వేయడానికి మోర్స్ స్కేలు ఉంది. 1989 నుంచి వాడుకలో ఉన్న ఈ పట్టికలో ఆరే ప్రశ్నలు. ఈమధ్య ఎప్పుడైనా పడి ఉంటే 25, రెండో జబ్బు కూడా ఉంటే 15, సెలైన్ గొట్టం ఉంటే 20, మంచాలూ గోడలూ పట్టుకుని నడిస్తే 30, నడక బలహీనంగా ఉంటే 10, బాగా దెబ్బతింటే 20, తన శక్తి ఎంతో తనకు గుర్తుండకపోతే 15. మొత్తం 45 దాటితే ప్రమాదం ఎక్కువని లెక్క. షుగరు ఉండి, కింద పడి కాలు విరిగి చేరి, సెలైన్ ఎక్కుతూ, గోడ పట్టుకుని బలహీనంగా నడిచే మనిషికి 100 వస్తుంది. మంచి పట్టికే. అయితే ఆర్థో వార్డులోనూ పక్షవాతం వార్డులోనూ చాలామంది రోగులు 45 దాటేస్తారు. అందరూ ప్రమాదంలో ఉన్నారని తెలిశాక సిస్టర్ ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? పైగా ఉదయం వేసిన స్కోరు, రాత్రి రెండున్నరకు ఫలానా మంచం మీది మనిషి లేవబోతున్నాడని చెప్పలేదు. కృత్రిమ మేధకు ఇక్కడ పని ఉంది.

ఆ పనిలో రెండు రకాలున్నాయి. ఒకటి కేస్ షీట్ చదివి ముందుగా అంచనా కట్టడం. వయసు, మందులు, హిమోగ్లోబిన్, సోడియం, బీపీ చార్టు, నర్సులు రాసే నోట్సు అన్నీ పాత కేసుల నుంచి నేర్చుకున్న ప్రోగ్రాంకు, అంటే మోడల్‌కు ఇస్తే, రోగి స్థితి మారినప్పుడల్లా కొత్త స్కోరు ఇస్తుంది. కేస్ షీటు కాగితం మీదే ఉన్నచోట ఇది మొదలే కాదు. కంప్యూటర్‌లో ఉన్నచోట కూడా ఒక ఉచ్చు ఉంది. ప్రమాదం ఎక్కువని తేలిన రోగి పక్కన మనిషిని పెడతారు, కాబట్టి అతను పడడు. మోడల్ మాత్రం పాత రికార్డు చూసి, ఇలాంటి రోగులు పడరని నేర్చుకుంటుంది. పడిపోయిన తర్వాత రాసిన జాగ్రత్తలు మోడల్ కంటపడితే దీనికి తలకిందులుగా జరుగుతుంది. జవాబు ముందే చూసి పరీక్ష రాసినట్టే కదా, కాగితం మీద అద్భుతంగా పనిచేసి వార్డులో చతికిలపడుతుంది. అందుకే ప్రతి వివరానికీ అది ఏ గంటకు రాశారో ఉండాలి. అంచనా కట్టే గంటకు ముందు రాసినవే వాడాలి.

రెండోది మంచాన్ని కనిపెట్టి ఉండటం. పరుపు కింద పెట్టే ప్రెషర్ మ్యాట్ పాత పద్ధతి. బరువు లేవగానే అది మోగుతుంది, అప్పటికి మనిషి సగం దిగిపోయి ఉంటాడు. అమెరికాలో 16 వార్డుల్లో, 27 వేలకు పైగా రోగులతో చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో ఇలాంటి అలారాల వాడకం బాగా పెరిగింది. పడిపోవడాలు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

కెమెరా అంతకన్నా ముందు మేల్కొంటుంది. లోతును కొలిచే కెమెరా గానీ మామూలు కెమెరా గానీ మంచానికి ఎదురుగా పైన బిగిస్తారు. ప్రతి చిత్రంలోనూ ముక్కు, భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్లు, చీలమండలు ఇలా 17 బిందువుల్ని మోడల్ గుర్తిస్తుంది. దుప్పటి తొలగించడం, మోచేతి మీద లేవడం, కాళ్లు మంచం అంచు దాటించడం, కూర్చోవడం, నిలబడటం అనే వరుసను ఆ బిందువుల కదలికలోంచి పసిగడుతుంది. సెకనుకు 8 నుంచి 10 చిత్రాలు చాలు. ఒక్క చిత్రం చూసి మోగించకూడదు, సెకనున్నర పాటు అదే కదలిక సాగితేనే మోగాలి. కాళ్లు అంచు దాటిన దగ్గరే మోగిస్తే సిస్టర్‌కు కొన్ని సెకన్లు దొరుకుతాయి. నిలబడ్డాక మోగితే ఆ గంట విని ఎవరూ ఏమీ చేయలేరు. లెక్క కట్టే కంప్యూటర్ వార్డులోనే ఉండాలి. చిత్రాలు ఇంటర్నెట్ మీదుగా వెళ్లి జవాబు తిరిగొచ్చేలోగా ఉన్న కాస్త వ్యవధీ కరిగిపోతుంది.

ఇలాంటి మోడళ్లలో చాలావాటిని ఒక గది, ఒక మంచం, ఒక మనిషి ఉండే ఆసుపత్రుల్లో తయారుచేశారు. 1923లో మొదలైన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కు శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకుల నుంచే కాదు, ఒడిశా దక్షిణ జిల్లాల నుంచీ జనం వస్తారు. ప్రతి రోగితోనూ ఒకరో ఇద్దరో తోడు ఉంటారు. రాత్రి వాళ్లు మంచాల మధ్య చాప పరుచుకుని పడుకుంటారు. నేల మీద పడుకున్న మనిషిని పడిపోయిన మనిషిగా లెక్కేసే మోడల్ ఇక్కడ మొదటి రాత్రే పనికిరాకుండా పోతుంది. అన్నం తినిపించడానికి మంచం అంచున కూర్చున్న కూతురిని చూసి రోగి లేచాడనుకుంటుంది. అందుకని మొదట ఎవరు రోగో, ఎవరు తోడో విడదీయడం నేర్పాలి. సెలైన్ స్టాండ్ ఎవరి వైపు ఉంది, ఆ మనిషి ఎన్ని గంటలుగా ఆ మంచం మీదే ఉన్నాడు అనేవి దానికి మంచి ఆనవాళ్లు. తోడు మనిషి రోగిని పట్టుకుని లేపుతున్నాడని తెలిస్తే అలారం మోగనే కూడదు.

శిక్షణకు పడిపోయే దృశ్యాలు కావాలి గదా అని ఆరోగ్యంగా ఉన్న విద్యార్థుల చేత పరుపుల మీద పడినట్టు నటింపజేస్తారు. వాళ్లు ధబాలున పడతారు. అసలు రోగి చాలాసార్లు మంచం పట్టుకుని మెల్లగా జారి కూలబడతాడు. నటన మీద నేర్చిన మోడల్ అసలు దాన్ని పట్టలేకపోవడానికి కారణం ఇదే. పడటాన్ని వదిలేసి, లేవడాన్ని నేర్పడమే మేలు. లేచే దృశ్యాలు ప్రతి రాత్రీ బోలెడు దొరుకుతాయి.

విశాఖ వాతావరణానికి తగ్గ జాగ్రత్తలూ ఉన్నాయి. తూర్పు కిటికీల్లోంచి పొద్దున నేరుగా పడే ఎండ పరారుణ కిరణాలతో పనిచేసే లోతు కెమెరాను గుడ్డిదాన్ని చేస్తుంది, కాబట్టి దాన్ని కిటికీకి ఎదురుగా పెట్టకూడదు. కెమెరా వద్దనుకుని రాడార్ పెడితే, తిరిగే సీలింగ్ ఫ్యానును అది కదలికగా చూస్తుంది. దాని చూపు ఫ్యానుకు దిగువనే ఉండాలి. దోమతెర కడితే బిందువులు చెదురుతాయి. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపడతాయి, మూతపడే డబ్బాలు వాడాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరికి కరెంటు లేకుండా చేసింది. అలాంటప్పుడు యూపీఎస్ మీద నడుస్తూ, నెట్‌వర్క్ లేకపోయినా వార్డులోని బజర్ మోగేలా ఉండాలి.

ఇక అలారాల లెక్క. వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి వార్డులో ఒక రోజు ఉంటే ఒక రోగి-దినం) 4 పడిపోవడాలు జరిగే వార్డు అనుకుందాం. పడబోయేవారిలో 90 శాతం మందిని పట్టి, పడనివారిలో 95 శాతం మందిని సరిగ్గా వదిలేసే మోడల్ ఉందనుకుందాం. చాలా మంచి మోడలే. అయినా అది ఎత్తి చూపే సుమారు 53 సార్లలో నిజంగా పడబోయేవి నాలుగు కూడా ఉండవు. మిగతా 50 సార్లు ఉత్తగా పరిగెత్తిన సిస్టర్ 51వ సారి నెమ్మదిస్తే ఆమె తప్పేం లేదు. లేచే కదలికను సరిగ్గానే పట్టినా ఇబ్బందే. ప్రమాదంలో ఉన్న పదిమంది రాత్రికి మూడేసిసార్లు లేస్తే అలారం 30 సార్లు మోగుతుంది, డ్యూటీలో ఉండేది ఒకరో ఇద్దరో. అందుకే మోర్స్ స్కోరు ఎక్కువున్న మంచాలకే అలారం పెట్టాలి. అది ముందు తోడు మనిషిని లేపాలి, ఆ తర్వాతే సిస్టర్ ఫోనుకు వెళ్లాలి. మంచం దగ్గర చిన్న స్పీకర్‌లో ‘‘ఆగండమ్మా, లేవకండి, సిస్టర్ వస్తున్నారు’’ అని వినిపిస్తే కొందరు ఆగుతారు. మన్యం నుంచి వచ్చినవారికి కువి భాషలో, ఆదివాసి ఒడియాలో కూడా ఆ మాట రికార్డు చేసి పెట్టాలి.

యంత్రం కొనకముందే చేయాల్సిన పనులున్నాయి. లాసిక్స్ వేళను డాక్టర్‌తో మాట్లాడి పొద్దుటికి మార్చడం, పడుకునే ముందు ఒకసారి, నడిరాత్రి ఒకసారి బాత్రూంకి తీసుకెళ్లడం, యూరిన్ పాట్ చేతికందేలా ఉంచడం, మంచం చక్రాలకు బ్రేకు వేయడం, ఫినాయిల్ తుడిచిన నేల ఆరేదాకా ఎవరినీ నడవనివ్వకపోవడం. సైడ్ రెయిల్స్ (మంచం పక్క కడ్డీలు) పైకి లేపి ఉంచితే చాలనుకోవద్దు. మతి స్థిమితంలేని రోగి వాటిని దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతాడు. బోస్టన్, న్యూయార్క్‌లలో 14 వార్డుల్లో రోగి ప్రమాదాలనూ జాగ్రత్తలనూ మంచం పక్కన ఒక చార్టులా రాసిపెట్టి, రోగినీ ఇంటివాళ్లనూ అందులో భాగం చేస్తే, పడిపోవడాలు 15 శాతం, గాయాలతో కూడినవి 34 శాతం తగ్గాయని 2020లో ప్రచురించారు. లక్షలు పోసి కొనే ఏ వ్యవస్థనైనా దీనితో పోల్చి చూడాలి.

ఆడవాళ్ల వార్డులో కెమెరా అంటే అభ్యంతరం రావడం న్యాయం. మనిషి రూపురేఖలు మాత్రమే చూపే లోతు చిత్రం వాడి, వీడియో దాచకుండా బిందువులనే ఉంచి, సంగతి తెలుగులో చెప్పి సమ్మతి తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతిని అడుగుతుంది.

మొదటి నెల అలారం మోగకుండా, లోపల నమోదు మాత్రమే జరగాలి. ఎన్నిసార్లు ఉత్తగా మోగేదో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత వార్డులన్నింటిలో ఒకేసారి కాక, నెలకొకదానిలో మొదలుపెట్టి, వెయ్యి రోగి-దినాలకు ఎన్ని పడిపోవడాలో ముందూ తర్వాతా పోల్చాలి. 30 మంచాల వార్డులో నెలకు మూడో నాలుగో ఉంటాయి కాబట్టి ఒక్క నెల తేడా చూసి ఏమీ తేల్చకూడదు. మొదట్లో అంకె పెరిగినా కంగారుపడనక్కర్లేదు, ఇంతకుముందు రాయనివి ఇప్పుడు రాస్తున్నారన్నమాట. రోగి పడ్డాడని రాసిన సిస్టర్‌కు మెమో ఇచ్చే ఆసుపత్రిలో మాత్రం ఈ రిజిస్టరు ఖాళీగానే ఉంటుంది, ఆ ఖాళీనే మోడల్ నిజమని నేర్చుకుంటుంది.