చుక్కలు ఎవరూ పెట్టలేదు

చిన్నా, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో నా టీ కప్పు చూసి "అమ్మమ్మా, ఈ చుక్కలన్నీ నువ్వే పెట్టావా?" అని అడిగారు. పొయ్యి మీద పాలున్నాయని అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఆ చుక్కలు నేను పెట్టలేదు. పిచ్చుక గుడ్డు మీది మచ్చల్లా ఉన్న ఆ గోధుమరంగు చుక్కలు మట్టిలోంచే వచ్చాయి. సెలవుల్లో వచ్చి మట్టిపాత్రలు చేయడం నేర్చుకుంటామన్నారు కదా, చేతికి మట్టి అంటకముందే కొన్ని సంగతులు తెలిస్తే మంచిది.

మన ఇంట్లో నీళ్ల కుండ ఉంది, ఆవకాయ జాడీ ఉంది. రెండూ మట్టివే. కుండ గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది కాబట్టే లోపలి నీళ్లు చల్లబడతాయి. ఆ కుండలోనే ఆవకాయ పెడితే నూనె, ఉప్పు గోడలోకి ఇంకిపోతాయి. అందుకని దానికి జాడీ. జాడీ మట్టిని ఇంచుమించు 1200 డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా పైకి కాలుస్తారు. ఆ వేడికి మట్టిలో కొంత భాగం కరిగి గాజులా మారి రంధ్రాలను మూసేస్తుంది. రాయిలా గట్టిపడుతుంది కాబట్టి స్టోన్‌వేర్ అన్నారు. నా కప్పు కూడా ఆ జాడీ జాతిదే.

కట్టెలతోనో గ్యాస్‌తోనో కాల్చే బట్టీలో గాలి తగ్గిస్తే, మట్టిలో ఉన్న ఇనుప రేణువులు కరిగి గ్లేజ్‌లోంచి, అంటే పాత్ర మీది గాజు పూతలోంచి, పైకి తేలతాయి. చుక్కలు అలా వస్తాయి. నా దగ్గరున్నది కరెంటు బట్టీ. అందులో గాలి తగ్గించడం కుదరదు. కరెంటు బట్టీల కోసం అమ్మే చుక్కల మట్టిలో చాలావరకు మాంగనీస్ అనే లోహం ఉన్న రేణువులు ముందే కలిపి ఉంటాయి. చుక్కల పని అవి చేస్తాయి.

ఈ మట్టి మొదటిసారి కొన్నప్పుడు ఎంతో ఆశపడ్డాను. పన్నెండు గిన్నెలు చేసి, ఆరబెట్టి, 1000 డిగ్రీల దగ్గర మొదటి కాల్పు కాల్చాను. తలుపు తీస్తే అన్నీ లేత గులాబీరంగులో, వెతికితే తప్ప నలుసు కనిపించకుండా ఉన్నాయి. మట్టి మారిపోయిందనుకుని ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. తర్వాత తెల్ల గ్లేజ్‌లో ముంచి 1220 దాకా కాలిస్తే తొమ్మిది గిన్నెల మీద చుక్కలు విచ్చుకున్నాయి! మిగతా మూడింటికి గ్లేజ్ మందంగా పట్టింది, వాటి చుక్కలు పైకి రాలేదు. ఆ మూడూ ఇంకా దాచుకున్నాను, వచ్చినప్పుడు చూపిస్తాను. నల్లటి, ముదురు నీలం గ్లేజ్‌లు వేస్తే ఈ మట్టి కొన్న డబ్బు వృథా. తెలుపో, మీగడ రంగో, అదీ పలచగా వేయాలి.

మట్టి కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకండి. ఎంత వేడికి పక్వమవుతుందో ముందు అడగండి. అది మీ బట్టీకీ, మీ గ్లేజ్‌కీ సరిపోవాలి. తక్కువ కాలిస్తే చుక్కలు పేలవంగా ఉంటాయి, కప్పు నీళ్లు పీలుస్తుంది. మరీ ఎక్కువ కాలిస్తే గోడల మీద బొబ్బలు లేస్తాయి. మాంగనీస్ సుమారు 1080 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ వదులుతుంది. అది మెల్లగా బయటికి పోవాలని ఆ వేడి చుట్టుపక్కల నేను బట్టీని తొందరపెట్టను.

కుమ్మరి సారె మీద ఈ మట్టి మామూలు మట్టిలాగే తిరుగుతుంది. తేడా స్పాంజి దగ్గర తెలుస్తుంది. తడి స్పాంజితో అదేపనిగా తుడిస్తే మెత్తటి మట్టి కొట్టుకుపోయి రేణువులు గరుకుగా పైకి తేలతాయి. పెదవి తగిలే అంచు అలా ఉండకూడదు కదా. నేను నీళ్లు తక్కువ వాడి, చివర్లో రబ్బరు ముక్కతో అదిమి వదిలేస్తాను. సగం ఆరాక అడుగు చెక్కేటప్పుడు రేణువు పనిముట్టుకు తగిలి గీత లాగుతుంది. వేలితో నెమ్మదిగా నొక్కితే ఆ గీత పూడిపోతుంది. ఇంకో మాట, తెల్లమట్టి పని ఉన్న రోజు దీన్ని బయటికి తీయకండి. సారె, బల్ల, తువ్వాలు అన్నీ కడిగినా ఎక్కడో ఒక రేణువు మిగిలి, మరొకరి తెల్లటి పాత్ర మీద చుక్కై తేలుతుంది.

ఎండిన మట్టిని చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఆ సన్నటి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. మాంగనీస్ పొగ కూడా మంచిది కాదు. కాబట్టి బట్టీ నడుస్తున్నంతసేపు మీరిద్దరూ ఆ గదిలోకి రారు. ఈ విషయంలో ఎంత బతిమాలినా ఒప్పుకోను. కప్పు లోపలంతా మాత్రం గ్లేజ్ బాగా పట్టిస్తాను, టీ మట్టికి తగలకుండా.

వచ్చేటప్పుడు ఒక స్కేలు తెచ్చుకోండి. తడిమట్టితో పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయాలి. ఆరాక ఒకసారి, మొదటి కాల్పు తర్వాత ఒకసారి, చివర ఒకసారి కొలిచి రాసుకోవాలి. ఈ మట్టి మొత్తం మీద సుమారు 12 శాతం ముడుచుకుంటుంది, అంటే గీత 8.8 దగ్గరికి రావాలి. తాతయ్య కప్పు ఎంత పెద్దది చేయాలో ఆ లెక్క చూసి మీరే చెప్పాలి. ఆయనకు నిండా పట్టే కప్పు కావాలట.

మీ అమ్మమ్మ